కవిగారికి తొడిగిన చొక్కా

మా ఆయన ఉద్యోగం ఊడగొట్టడానికి నేను ఒకే ఒక్కసారి ప్రయత్నించాను. అదీ వడియాల కోసం. చెబుతాను, నవ్వుకోండి. మీరు నవ్వినంత మాత్రాన నా వడియాలు తిరిగి రావు.

ఎనభైల మొదట్లో క్లీవ్‌లాండ్‌కి కొత్తగా వచ్చాం. మా ఆయన రావు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ఫోర్‌మన్ ఊఁ అనాలి. ఆయన ఊఁ అనడం లేదు. ఆ దిగులు మా ఆయనది. నా దిగులు ఎండ గురించి. ఆ ఊళ్ళో సూర్యుడిది కూడా పార్ట్‌టైమ్ ఉద్యోగమే.

జూలైలో ఒక ఆదివారం పార్కుకి వెళ్ళాం. అక్కడ దేశానికొకటి చొప్పున విగ్రహాలు. తల, భుజాలు మాత్రమే ఉన్న ఒకదాని చుట్టూ వెడల్పాటి రాతి గట్టు, పెనంలా కాలుతోంది. సంచిలోంచి పిండి గిన్నె తీశాను.

"ఒసేయ్, అది పెద్దమనిషి విగ్రహం."

"ఎవరంట?"

"స్లోవేనియా వాళ్ళ కవంట. చర్చిలో ఫాదర్ కూడానంట. మా ఫోర్‌మన్‌ది ఆ దేశమే, రోజూ ఈయన గొడవే."

"ఫాదరైతే కోప్పడడులే."

మా ఆయన ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన చొక్కా, టోపీ విప్పి పక్కన పడేసి, బనియన్‌తో చెట్టు కింద గుర్రు పెట్టాడు. నేను తడిగుడ్డ పరిచి వడియాలు పెట్టానో లేదో, పెళ్ళి భోజనానికి పిలిచినట్టు పావురాలు దిగాయి. ఉష్ అన్నాను. చెప్పు విసిరాను. అమెరికా పావురాలు మన చెప్పుని లెక్కచేయవు. అప్పుడు చేలో దిష్టిబొమ్మ గుర్తొచ్చింది. కవిగారు ఎలాగూ ఖాళీగానే ఉన్నారు. మా ఆయన చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, టోపీ కూడా పెట్టాను. గాలికి చొక్కా ఖాళీ చేతులు ఊగేసరికి పావురాలు పారిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ చొక్కా మా ఆయనకంటే కవిగారికే బాగా కుదిరింది.

అంతలో పాటలు వినిపించాయి. మెడకి హార్మోనియంలాంటిది తగిలించుకున్న మనిషి, వెనక జనం, ముందు పూలచక్రం మోస్తూ ఒక లావుపాటాయన. ఏటా వాళ్ళ కవికి పూలు పెట్టే రోజట అది.

లావుపాటాయన ఆగాడు. చొక్కా జేబు మీద దారంతో కుట్టినదాన్ని చదివాడు. అప్పటికి నాకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు, అదేదో అలంకారమనుకునేదాన్ని. ఆయన చెట్టువైపు తిరిగి, "రావ్," అని పిలిచాడు.

మా ఆయన లేచి బనియన్ కిందికి లాక్కున్నాడు. "అయిపోయిందే. ఈయనే మా ఫోర్‌మన్."

"ఏమంటున్నాడు?"

"మా కవి నీ షిఫ్టు ఎప్పట్నుంచి చేస్తున్నాడు అంటున్నాడు."

"వడియాల సంగతి చెప్పు."

"ఇంగ్లీషులో వడియానికి మాట లేదే."

ఇంతలో ఫోర్‌మన్ వాళ్ళమ్మ, కర్ర పట్టుకున్న ముసలావిడ, ముందుకొచ్చి టోపీ తీసింది. కవిగారి నెత్తి తడిమి కొడుకుతో ఏదో అంది. ఆయన మా ఆయనతో చెప్పాడు, మా ఆయన నాతో.

"పూలు పెట్టే రోజున ఈయన నెత్తి మీద పావురం రెట్ట లేకపోవడం ఇదే మొదటిసారంటోంది."

అందరూ ఒకేసారి నవ్వారు. పూలకి చోటివ్వాలి కదా, గుడ్డ పోగుచేశాను. వడియాలన్నీ మళ్ళీ పిండి ముద్దయ్యాయి.

సోమవారం ఫోర్‌మన్ ఊఁ అన్నాడు. "నిన్ను తీసేస్తే మా కవికి కూడా పని పోతుంది," అన్నాడట.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మొట్టమొదట చదివింది ఆ జేబు మీది మూడు ఇంగ్లీషు అక్షరాలే, మా ఆయన పేరు. ఆ జేబు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ దేశపు కవికీ పేరు కుట్టిన చొక్కా తొడగను. ముందు దారం పీకేసి తొడుగుతాను.