మంగళవారం ప్రార్థనకు గీడనే ఉంట

అరవైల చివర సూర్యాపేట బడిలో మాతో పనిచేసిన లెక్కల సారు, నౌకరీలో చేరిన నాటి నుంచి ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగడు. కానీ ప్రతి శనివారం ఒంటిపూట బడి వదలగానే నల్లబల్ల మూలన సుద్దముక్కతో ఒక దారి లెక్క వేసేవాడు: బెజవాడకు బస్సు, మద్రాసుకు రాత్రి రైలు, అక్కడినుంచి కొలంబోకు విమానం.

"సోమవారం సెలవొచ్చిన వారం జూసుకొని పోత. ఒక్క దినం ఆ పట్నం జూసి, మంగళవారం ప్రార్థనకు గీడనే ఉంట" అనేవాడు. తర్వాత బల్ల తుడిచి, చేతులు దులుపుకునేవాడు.

కోదాడ దాటి ఎరగని నాకు, ఆయన చేతులు దులుపుకోవడం చూస్తేనే ఒళ్ళు మండేది.

చివరికి పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాడు. తనను బాగా ఎరిగినవాడిగా నా పేరు రాశాడు. విచారణకు వచ్చిన పోలీసు జమేదారు ఆయన ఎట్లాంటి మనిషని నన్ను అడిగాడు.

"మంచోడే. గని ఒక్క దినం ఊరు జూసేటందుకు ఎవడన్న సముద్రం దాటుతడా? మీరే ఆలోచన చెయ్యుండ్రి" అన్నాను.

జమేదారు కలం ఆగింది. తర్వాత చాలాసేపు రాసుకున్నాడు.

పాస్‌పోర్టు రాలేదు. "నువ్వు మంచిగ చెప్పినంక గూడ ఆపిండ్రంటే, ఎవడో కిట్టనోడు చెప్పిండు" అన్నాడు సారు, ఆ శనివారం బల్ల తుడవడం కూడా మరిచిపోయి.

"హిందీ సారేమో" అన్నాను.

రిటైరయ్యేదాకా ఆయన హిందీ సారుతో మాట్లాడలేదు. నాకు మాత్రం ప్రతి శనివారం చాయ్ తాగించాడు.