ఇసుక గుంత

శామీర్‌పేట దగ్గర మా పెదనాయన అమ్మేసిన చెలకలో గోల్ఫ్ కోర్సు వేశారు. అక్కడే నాకూ అమ్మకూ గడ్డి పని దొరికింది. మొదటిరోజు సూపర్‌వైజరు అంతా తిప్పి చూపించాడు. బంతి కొట్టే చదును, దాని ముందు బారుగా కత్తిరించిన పచ్చిక, దారి తప్పిన బంతి ఇరుక్కోవడానికి ఇసుక గుంతలు, చివర జెండా పాతిన చిన్న రంధ్రం. అలాంటి వరసలు పద్దెనిమిది.

"ఆడ మా ఇంటాయన సమాధి ఉండె," అంది అమ్మ, ఒక గుంతను చూపిస్తూ.

"గా ఇసుక గుంత కాడనా? జేసీబీతోని తీసేసినం," అన్నాడతను.

తర్వాత ఆ గుంతలో ఇసుక సర్దే పనే అమ్మకు అప్పగించాడు.

ఒక ఉదయం ఒక పెద్దమనిషి బంతి అందులో పడింది. ఎంత కొట్టినా పైకి రాలేదు. అతను బూతులు తిడుతూ ఇసుకను కర్రతో బాదాడు. బంతిని చేత్తో తీసుకుని, గుంతలో ఉమ్మి వెళ్లిపోయాడు. అమ్మ ఇసుక చదును చేసే పళ్లకర్ర పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఏంది జూస్తున్నవ్? జల్దీ సాఫ్ జెయ్యి," అన్నాడు సూపర్‌వైజరు.

అమ్మ గుంతలోకి దిగి, ఆ పెద్దమనిషి అడుగులు కనబడకుండా ఇసుక సర్దింది.

"రేపటి సంది రాకుందమమ్మా," అన్నాను.

"నేను రాకుంటె మీ నాయినను ఇంకొకరు దొక్కుతరు," అంది.

మర్నాడూ ఇద్దరం వెళ్లాం.