కాళ్లు కడిగేంత సేపు

మా పెద్దబిడ్డ పోయిన సోమవారం పొద్దున చలిజ్వరంతో కన్నుమూసింది. ఆమెను ఎరిగిన ఆడపిల్లలు కృష్ణకు ఈ దిక్కూ ఆ దిక్కూ చాలా ఊళ్లలో ఉన్నారు. అందరికీ కబురు పంపడం నాతో కాదు. అందుకే ఈ నాలుగు ముక్కలు. నాకు రాయడం నేర్పింది కూడా ఆమే. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

పదకొండేళ్లప్పుడు ఆమెను నాగర్‌కర్నూల్ దిక్కు ఇచ్చాం. తల్లి మాటిమాటికీ పోతే పిల్ల అత్తగారింట్లో కుదురుకోదని పెద్దలన్నారు. నేనూ నమ్మాను. ఏడాది దాకా పోలేదు. అల్లుడు పాము కరిచి పోయాడని తెలిశాకే పోయాను. అప్పటికి నా బిడ్డ చేతులు పుల్లల్లా అయ్యాయి. బండి ఎక్కి నిద్రపోయింది.

మారుమనువు మాట ఎత్తితే లేచి అవతలికి పోయేది. కాస్త పెద్దదయ్యాక, మా ఊరి నుంచి బయటికి ఇచ్చిన పిల్లలను చూసి రావడం మొదలుపెట్టింది. తరువాత పక్క ఊళ్ల తల్లులు కూడా వచ్చి అడిగేవారు. వనపర్తి దిక్కు నడిచేది, బీచుపల్లి దగ్గర గుండ్రటి పుట్టి పడవ ఎక్కి ఏరు దాటి గద్వాల ఊళ్లకు పోయేది. ఇరవై ఏళ్లు ఇదే పని.

ఎవరింటికి పోయినా ముందు ఆ ఇంటి కొత్త కోడలితో కాళ్లకు నీళ్లు పోయించుకునేది. వాకిట్లో బండ మీద నిలబడి మెల్లగా, వేలు వేలూ తోముకునేది. ఆ సేపట్లో పిల్ల తల దించుకుని చెప్పవలసింది చెప్పేది. ఇంట్లోవాళ్లకు నీళ్ల చప్పుడే వినపడేది.

ఒకసారి నేనూ వెంట పోయాను. ఆ ఇంటి అత్త గడపలో నిలబడి, "ఏంది బిడ్డా, నీ కాళ్లకు కృష్ణంత మలిపి తేవాల్నా?" అంది.

"ఏం జేద్దు అత్తా, మీ ఊరి రేగడి జర ప్రేమ గల్లది. పట్టుకుంటే ఇడువదు," అంది నా బిడ్డ.

అత్త కూడా నవ్వింది. నా బిడ్డ ఆమె పక్కనే కూర్చుని పల్లికాయ ఒలుస్తూ, గొంతు పెంచకుండా, కోడలికి రెండు పూటలా కడుపునిండా పెట్టేటట్టు ఒప్పించింది. ఆ పిల్ల తినేదాకా తాను ముద్ద ముట్టలేదు.

తిరుగుదారిలో నేను గొణిగాను. "పరాయి ఇండ్ల ముచ్చట నీకెందుకే? అడిగితే ఆ పిల్ల బాగనే ఉన్న అన్నది గద."

"ఇంట్ల గూసోని అడిగితే అందరు బాగనే ఉంటరమ్మా. బండ కాడ అడగాలె." కొంత దూరం నడిచి, "నువ్వొస్తవని నేను చెంబు నింపి పెట్టుకొని ఏడాది చూసిన," అంది.

 

జ్వరంలో ఒకటే అడిగింది, బేస్తారం ఎన్నడని. ధరూర్ దగ్గర ఒక ఊరిలో మా ఊరి పిల్ల ఉంది. ఏడో నెల, తొలి కాన్పు. చేన్లో పని ఉందని అత్తగారు పుట్టింటికి పంపడం లేదు. కన్నతల్లికి అడిగే ధైర్యం లేదు. బేస్తవారం వచ్చి తీసుకుపోతానని నా బిడ్డ ఆ పిల్లకు మాట ఇచ్చి వచ్చింది.

మైల ఇంటి మనిషి ఊరు దాటకూడదని అందరూ అన్నారు. నేను బేస్తవారం పొద్దున్నే బయలుదేరాను. పోయి ఆ ఇంటి వాకిట్లో, బండ మీద కూర్చున్నాను. నా బిడ్డ పోయిన సంగతి చెప్పగానే అత్త వెనక్కి జరిగింది.

"మైలతోని మా ఇంటికొస్తివా? లే, పో!"

"పిల్లను తోలియ్యి, పోత. లేకుంటే పదొద్దులు గీడనే కూసుంట."

"కడుపుతోనున్న దాన్ని నీ ఎంట ఎట్ల తోలియ్యాలె?"

"నేను ముందర నడుస్త. ఆమె దూరంగ వస్తది."

అత్త చాలాసేపు తిట్టింది. నేను లేవలేదు. చివరికి పిల్ల మూట పట్టుకుని బయటికి వచ్చింది.

ఊరు దాటేదాకా నా వెనకాల పది అడుగుల దూరంలో నడిచింది. పుట్టిలో దూరం ఎక్కడిది? నన్ను ఆనుకునే కూర్చుంది. నడి ఏట్లో పుట్టి గిర్రున తిరుగుతుంటే, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, మా ఒడ్డు ఎటు తిరిగితే అటే ముఖం తిప్పుకుంటూ ఉంది.