దొరసాని, ఎలుక, గిర్దావర్ సాబ్ టోపీ

మా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా ఇంటి పిల్లి ఒక్క ఎలుకనైనా పట్టి ఎరుగదు... పొద్దంతా పొయ్యి పక్కన వెచ్చగా పడుకునేది. పాలు పోస్తే లేచేది. అందుకే మా అత్త దానికి దొరసాని అని పేరు పెట్టింది.

అత్త అంటే మా బాపు వాళ్ల అక్క. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది. పెద్ద మనిషి, పెద్ద గొంతు.

నిజాం పాలన పోయిన పోలీస్ యాక్షన్‌కు ముందటి ఎండాకాలం అది. నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. బాపు నిజాంకు ఎదురు తిరిగిన సంఘం వాళ్లతో తిరుగుతున్నాడని ఎవరో చెప్పారట... పోలీసులు వెతుకుతున్నారని తెలిసి కోహెడలో చుట్టాల ఇంట్లో తలదాచుకున్నాడు. ఇంట్లో అమ్మ, అత్త, నేను మిగిలాం.

అప్పట్లో లెవీ అని సర్కారు వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ధాన్యం కొలుచుకుపోయేవారు. పండినా పండకపోయినా వాళ్ల వంతు ఇవ్వాల్సిందే. మేమూ ఇచ్చాం. అయినా మళ్లీ వస్తున్నారని కబురు తెలిసింది. మిగిలిన జొన్నలు దాచడానికి అమ్మ, అత్త కలిసి వంటింట్లోనే పాతర తవ్వారు. గోతిలో జొన్నలు పోసి, పైన చెక్కలు పరిచి, మట్టి కప్పి, పేడతో అలికేశారు. మళ్లీ పంట చేతికొచ్చేదాకా మా తిండి అదే...

ఎవరికీ తెలియదనుకున్నాం. ఎలుకకు తెలిసిపోయింది.

ఇసుర్రాయి పక్కన బొక్క చేసుకుని, గింజలు బయటికి లాగి పోసేది. అమ్మ పొద్దున్నే ఆ గింజలు ఏరి, బొక్క పూడ్చి, మళ్లీ అలికేది. తెల్లారేసరికి పక్కనే ఇంకో బొక్క. అమ్మ కోపమంతా దొరసాని మీద. అదేమో ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేది.

ఒకరోజు లెవీ వసూలు చేసే గిర్దావర్ రానే వచ్చాడు. నెత్తిన ఎర్రటి రూమీ టోపీ, తెల్లటి పైజామా, వెంట ఒక బంట్రోతు. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేశాడు. జొన్నలు ఎక్కడ దాచారని అడిగాడు. ఉన్నవన్నీ ఇచ్చేశామని అమ్మ చెప్పింది.

బంట్రోతు కుండలన్నీ దించి చూశాడు. ఆ చప్పుడుకు కుండల వెనక నుంచి ఎలుక బయటికి దూకింది... సరిగ్గా దొరసాని మీద.

అంతే. అన్నేళ్లుగా పాలకు తప్ప లేవని దొరసాని లేచింది.

ఎలుక పొయ్యి చుట్టూ తిరిగింది, దాని వెనకే దొరసాని తిరిగింది. చాటలో ఉన్న పిండి మీదుగా రెండూ పరుగెత్తాయి. బూడిద రంగు పిల్లి తెల్లపిల్లి అయిపోయింది. ఎలుకకు దారి దొరకలేదు... గిర్దావర్ పైజామాలోకి దూరింది.

ఆయన అరుస్తూ గంతులు వేస్తూ, ఆసరాకు చెయ్యి పైకి చాచి ఉట్టి పట్టుకున్నాడు. ఉట్టి తెగింది. మజ్జిగ కుండ ఆయన నెత్తిమీదే బోర్లా పడింది. టోపీ ఊడి కింద పడింది. పైజామాలోంచి జారిన ఎలుక ఆ టోపీ కిందికి దూరింది.

ఇక చూడాలి... ఎర్ర టోపీ తనంతట తానే వంటిల్లంతా తిరుగుతోంది. వెనక పిల్లి. ఆఖరికి దొరసాని ఎగిరి టోపీ మీద పడింది. టోపీ అప్పడంలా అణిగిపోయింది. ఎలుక మాత్రం సందులోంచి తప్పించుకుని ఇసుర్రాయి పక్క బొక్కలోకి మాయమైంది.

నాకు నవ్వాగలేదు. అమ్మ మొహం చూసి ఆగిపోయాను.

దొరసాని ఆ బొక్క దగ్గర కూర్చుని ముందుకాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. పచ్చి అలుకు పెళ్లలుగా లేచింది. తెల్లటి జొన్నలు బయటపడ్డాయి.

గిర్దావర్ ఇంకా కళ్లలో మజ్జిగ తుడుచుకుంటున్నాడు. అప్పుడు మా అత్త కదిలింది. పరుగున పోయి, మజ్జిగలో కాలు జారినట్టే జారి, పిల్లిని ఒక్క తోపు తోసి, ఆ గింజల మీదే కూలబడింది. చీర కుచ్చెళ్లు చుట్టూ పరుచుకున్నాయి.

"నా నడుము ఇరిగింది బిడ్డా... నన్ను ముట్టుకోకుండ్రి, పాణం పోతది" అని ఏడుపందుకుంది.

ఆమెను లేపి అక్కడ వెతకమని గిర్దావర్ బంట్రోతుకు చెప్పాడు. బంట్రోతు వంగాడు. అత్త కొంగు పక్క నుంచి గింజలు కొన్ని కనబడుతున్నాయి... అతను చూశాడు. అత్త కూడా ఏడుపు మరిచిపోయి అతని కళ్లలోకే చూసింది.

"ముసలామె లేస్తలేదు సాబ్. ఈడ ఎలుకలు తప్ప ఏం లేవు" అన్నాడు.

అణిగిపోయిన టోపీ తీసి, దులిపి, గిర్దావర్ చేతికిచ్చాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ బంట్రోతు పేరేమిటో మాకు ఎప్పటికీ తెలియలేదు. మళ్లీ మా వాడకు రాలేదు.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా అత్త లేవలేదు. ఆ తరువాత లేవబోతే నిజంగానే నడుము పట్టేసింది... అమ్మ ఉప్పుకాపడం పెడుతుంటే ఇద్దరూ నవ్వు మొదలుపెట్టారు. ఆపడం వాళ్ల తరం కాలేదు.

వానాకాలం వెళ్తూ వెళ్తూ పోలీస్ యాక్షన్ అయింది. బాపు ఇల్లు చేరడానికి మరికొన్ని నెలలు పట్టింది. గడ్డం పెరిగి, చిక్కిపోయి వచ్చాడు. పాతరలో అడుగున మిగిలిన జొన్నలు ఇసిరి అమ్మ రొట్టెలు చేసింది. బాపు తింటుంటే అత్త ఎదురుగా కూర్చుని కథంతా చెప్పింది, జారిపడడం కూడా చేసి చూపించింది. బాపు నోట్లో ముద్ద పెట్టుకోలేక, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మీర్‌పేట్‌లో మా మునిమనవడు టీవీలో పిల్లీ ఎలుకా కొట్టుకునే బొమ్మలు పెడతాడు. పిల్లి నెత్తిన పెనం పడగానే వాడికంటే ముందు నేనే నవ్వుతాను. "తాతమ్మా, నీకు గింత నచ్చిందా?" అంటాడు. అవ్ బిడ్డా, మస్తు నచ్చింది అంటాను...

వాడికి కథ చెప్తే నమ్మడు. అవునని సాక్ష్యం చెప్పడానికి ఆ వంటింట్లో ఉన్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. మీ ఇళ్లలో ఆ రోజులు చూసిన పెద్దవాళ్లుంటే జర అడగండి, గింజలు ఎక్కడ దాచారో, ఎలా దక్కించుకున్నారో... విన్నది ఇక్కడ రాయండి. నేను నమ్ముతాను.