మా సంఘానికి అధ్యక్షుణ్ణి ఎంచుకున్న ఏడాది

మా నాన్న కొబ్బరి తోటలో కిరాణీగా పనిచేసి రిటైరయ్యారు. మా మలేసియా తోటల్లో గుమాస్తాను కిరాణీ అంటారు. మేనేజరుతో ఇంగ్లీషు, ఆఫీసులో మలయ్, బజారులో తమిళం, ఇంట్లో మాతో తెలుగు మాట్లాడుతూ ఆయన బతుకంతా గడిచింది. ఏ భాషలో మాట్లాడినా తడుముకునేవారు కాదు. బాగన్ దాతుక్‌లోని మా తెలుగు సంఘంలో ఆయనే అందరికన్నా పెద్ద.

మామూలుగా మా సంఘంలో అధ్యక్షుడి ఎన్నిక అంటే పెద్ద హడావుడి ఉండదు. ఎవరో ఒకరి పేరు చెబుతారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు, తర్వాత అందరూ కలిసి భోజనం చేస్తారు. ఆ ఏడాది మాత్రం పాత అధ్యక్షుడు ఆరోగ్యం బాగాలేక తప్పుకోవడంతో ఇద్దరు నిలబడ్డారు.

ఒకరు మేమంతా టీచరత్త అని పిలిచే ఆవిడ. సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సంఘం మేడమీద గదిలో ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం పిల్లలకు తెలుగు నేర్పుతున్నారు. మా నాన్నను అన్నయ్యా అంటారు కాబట్టి నాకు అత్త. ఆంధ్రా నుంచి వచ్చిన పండితుల దగ్గర పట్టుదలగా చదువుకుని, పుస్తకంలో అచ్చు వేసినట్టు మాట్లాడడం నేర్చుకున్నారు. తరగతిలో పిల్లలెవరైనా "ఏటి" అంటే "ఏమిటి అనాలి" అని అక్కడికక్కడే దిద్దేవారు. తరగతికి వచ్చే పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారనీ, మంచి గదీ పుస్తకాలూ ఏర్పాటు చేసి, ఇంకో ఉపాధ్యాయుణ్ణి పెట్టకపోతే ఈ తరంతోనే తెలుగు ఆగిపోతుందనీ ఆవిడ బాధ. మా ఇంటికి వచ్చినప్పుడు నాన్నతో ఒకటే అన్నారు. "భాష పోయిన తర్వాత దీన్ని తెలుగు సంఘం అని ఎందుకు పిలవాలి అన్నయ్యా?"

రెండో మనిషి పామాయిల్ గెలలు తోలే లారీలున్న అతను. వయసులో నాకన్నా చిన్నవాడు. తండ్రి తమిళుడు, తల్లి తెలుగావిడ. ఇంట్లో అంతా తమిళమే కావడంతో తెలుగు అర్థమవుతుంది గానీ నాలుక తిరగదు. అతను అడిగేది ఒక వ్యాను. ఊళ్లో ముసలివాళ్లే ఎక్కువ. పిల్లలు క్లాంగ్‌లోనో కౌలాలంపూర్‌లోనో ఉద్యోగాల్లో ఉంటారు. డయాలిసిస్‌కు పోవాలన్నా, కంటి డాక్టరుకు చూపించుకోవాలన్నా బస్సు కోసం ఎండలో కూర్చోవాలి. సంఘానికి సొంత వ్యాను ఉంటే వాళ్లను తీసుకెళ్లి తీసుకురావచ్చన్నాడు. సంఘం దగ్గర ఉన్నదానితో తరగతి, వ్యాను రెండూ కావని అందరికీ తెలుసు.

నేను టీచరత్త వైపు. నా కూతురు తెలుగు విని అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం తమిళంలోనో మలయ్‌లోనో ఇస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు దిగులేసేది. నాన్న అతని వైపు. పొద్దున్నే వరండాలో కాఫీ తాగుతూ మేమిద్దరం వాదించుకునేవాళ్లం. "నడవలేనోడికి ముందు బండి కావాల. పాటం తరవాత సూసుకోవచ్చు లా" అనేవారు, మలేసియా అలవాటు కొద్దీ చివర ఆ "లా" తగిలించి. తరవాత అనుకుంటే ఇక ఉండదు నాన్నా అని నేననేదాన్ని. ఆయన నవ్వేవారు. తెలుగు అంత బాగా మాట్లాడే మనిషి దాన్ని అంత తేలిగ్గా వదిలేయడం నాకు మింగుడు పడేది కాదు.

ఎన్నిక ఇంకా కొన్ని వారాలుందనగా ఒక పొద్దున నాన్న చేతిలోంచి కప్పు జారి పడింది. వంగి తీయబోయి కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. మూతి ఒక పక్కకు లాగేసింది. మావారు కారు తీసుకుని హుటాన్ మెలింటాంగ్‌లో పనికి వెళ్లిపోయారు. పక్కింటావిడ లారీలతనికి ఫోన్ చేసింది, మా వెనక సందులోనే అతని ఇల్లు. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వచ్చి, నాన్నను రెండు చేతులా ఎత్తి తన కారులో పడుకోబెట్టాడు. నేను ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సమయానికి తెచ్చారు కాబట్టి ప్రాణం దక్కిందని డాక్టరు తర్వాత చెప్పింది.

కొన్ని రోజులకు నాన్నకు మాట వచ్చింది. తెలుగు ఒక్కటే వచ్చింది. నర్సు మలయ్‌లో పలకరిస్తే గోడకేసి చూసేవారు. తమిళంలో అడిగినా అంతే. ఇంగ్లీషు ఎప్పుడూ విననట్టే ఉండేవారు. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు కొందరికి ఇలా అవుతుందనీ, తర్వాత నేర్చినవి చెదిరిపోయి తల్లి దగ్గర నేర్చింది మిగలొచ్చనీ, కొంత తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చనీ డాక్టరు వివరించింది. నేను తల ఊపుతూ విన్నాను. నాలుగు వాకిళ్లున్న ఇంట్లో మూడు మూసుకుపోయి, నాన్న ఒక్కరే లోపల ఉండిపోయినట్టు అనిపించింది.

నేను బడిలో గుమాస్తాగా పనిచేస్తాను. రోజంతా ఆయన పక్కన ఉండడానికి వీలయ్యేది కాదు. ఒక సాయంత్రం వెళ్లేసరికి నాన్న మంచాన్ని సగం పైకి లేపి కూర్చోబెట్టి ఉంచారు. ఆయన వణుకుతున్నారు. మధ్యాహ్నం నుంచీ "సలి, సలి" అంటూనే ఉన్నారట. తమిళ నర్సు పాపం మంచి పిల్ల. తమిళంలో ఆ మాటకు కఫం అని అర్థం. గుండెల్లో కఫం పట్టిందనుకుని వీపు తట్టి, డాక్టరును పిలిచి పరీక్ష చేయించింది. నేను దుప్పటి తీసి కప్పాను. నాన్న కళ్లు మూసుకుని, "ఎంతసేపని సెప్పమంటావు" అన్నారు. ఆ పిల్ల విషయం తెలిసి చాలా నొచ్చుకుంది. తప్పు ఆమెది కాదు.

ఆ వారంలోనే టీచరత్త చూడడానికి వచ్చారు. ఆవిడకు కారు నడపడం రాదు. తనతో పోటీ పడుతున్న లారీలతనే ఆవిణ్ణి తీసుకువచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఆవిడ ఎప్పటిలాగే, ఆరోగ్యం ఎలా ఉన్నది అన్నయ్యా, ఏమైనా అసౌకర్యంగా ఉన్నదా అని అడిగారు. నాన్న నా వైపు తిరిగి, "ఏటి సెప్తంది ఈ యమ్మ?" అన్నారు.

టీచరత్త ముఖం పాలిపోయింది. తర్వాత ముందుకు వంగి, నేనెప్పుడూ ఆవిడ నోట వినని తెలుగులో, "అన్నియ్యా, ఏటి నొప్పెడతంది? సెయ్యా, కాలా?" అన్నారు. వాళ్ల నాయనమ్మ మాట అయివుంటుంది అది. నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకే పక్కకు పడుకోబెట్టడం వల్ల భుజం పీకేస్తోందనీ, ఎవులూ వినిపించుకోవడం లేదనీ చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ వీలైనప్పుడల్లా వచ్చి కూర్చునేవారు. సలి, నీల్లు, నొప్పి లాంటి మాటలు కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన మలయ్‌లో అర్థాలు పెట్టి, మంచం తలవైపు అతికించారు. తమిళ నర్సు వాటిని చదివి పలికితే నాన్న వచ్చీరాని నవ్వు నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం టీచరత్త లోపల ఉండగా నేనూ లారీలతనూ బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అతను చేతులు నలుపుకుంటూ, ఒక మాట అడగాలన్నాడు. వచ్చిన తెలుగును కూడబలుక్కుంటూ చెప్పాడు.

"అక్కా, మా అమ్మ పోయేటప్పుడు ఒకటే మాట అంటా ఉన్నాది. నాకు అరదం కాలేదు. తమిళంలో సెప్పమ్మా అన్నాను. సెప్పలేదు."

ఏ మాట అని అడిగాను.

"ఎదరికి రా, ఎదరికి రా. అదేదో తెమ్మంటంది అనుకున్నాను. నీల్లు తెచ్చినాను. తలగడ తెచ్చినాను."

అప్పుడు నువ్వెక్కడున్నావని అడిగాను. తల వెనక నిలబడి ఆమె భుజాలు పట్టుకుని ఉన్నానన్నాడు. ఇన్నేళ్లలో ఎవరినీ ఎందుకు అడగలేదంటే, ఏం తెలుస్తుందోనని భయమన్నాడు.

చెప్పాలా వద్దా అని తటపటాయించాను. అబద్ధం చెప్పడానికి మాత్రం మనసొప్పలేదు. ఎదరికి అంటే ముందుకు అని చెప్పాను. నీ ముఖం కనబడేలా రమ్మంది, అంతే, అన్నాను. అతను సరే అన్నట్టు తలూపి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. టీచరత్త బయటికి వచ్చాక కారు తాళాలు తీసుకుని ఏమీ జరగనట్టే ఆవిణ్ణి తీసుకువెళ్లాడు.

ఎన్నికనాటికి నాన్నను ఇంటికి తెచ్చుకున్నాం. ఆ ఆదివారం పొద్దున ఆయనకు గంజి తాగిస్తూ, ఓటు ఎవరికి వేయమంటారు నాన్నా అని అడిగాను. ఇదివరకు అంత గట్టిగా చెప్పే మనిషి ఈసారి ఆలోచించారు. "ఇద్దరూ వచ్చినారు కదా" అన్నారు.

సంఘం హాల్లో ఇద్దరూ నిలబడి మాట్లాడారు. ఆసుపత్రిలో జరిగినదాంట్లోంచి టీచరత్త ఒక్క ముక్క చెప్పినా చాలు, ఓట్లన్నీ ఆవిడకే పడేవి. ఆవిడ మా నాన్న ఊసే ఎత్తలేదు. అతనూ తాను నాన్నను మోసుకెళ్లిన సంగతి చెప్పుకోలేదు. రెండిట్లో ఒక్కటే వీలైతే దేన్ని ఎంచుకుంటారని నేను లేచి ఇద్దరినీ అడిగాను. టీచరత్త వెంటనే తరగతి అన్నారు. అతను తల్లి మాట గుర్తొచ్చి ఏమైనా మెత్తబడ్డాడేమోనని నేను ఎదురుచూశాను. అతను నా వైపు చూసి, నెమ్మదిగా తమిళంలో చెప్పాడు. భాష తెలియకపోతే మనిషికి ఏం నష్టమో నాకు తెలుసు, అయినా వ్యానే అంటాను, ముందు మనిషి ప్రాణాలతో ఆసుపత్రి చేరాలి, అన్నాడు.

ఓటు చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అప్పటిదాకా ఏ సంగతి గొప్పది, ఏది కాదు అనే ఆలోచించాను. భాష గొప్పదని నా నమ్మకం. నాన్న మంచం పక్కన అది ఇంకా గట్టిపడింది. కానీ ఆ మంచందాకా నాన్న వెళ్లగలిగింది ఎవరో కారు తీసుకుని వచ్చినందుకే. ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. టీచరత్త ఓడిపోయినా ఆదివారం తరగతి మానరు. ఆవిడకది ఊపిరి. అతను ఓడిపోతే వ్యాను సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు. నేను వ్యానుకు ఓటు వేశాను.

అతను కొద్ది తేడాతో గెలిచాడు. టీచరత్త దగ్గరికి వెళ్లి పాదాలు తాకాడు. ఆవిడ అతని తల నిమిరారు. నేను ఎవరికి వేశానో ఆవిడకు తెలిసిపోయిందని నా అనుమానం. నా దగ్గరికి వచ్చి, "వచ్చే ఆదివారం పిల్లను పంపు" అన్నారు. అంతే.

వ్యాను వచ్చింది. ఇప్పటికీ తిరుగుతోంది. దాంట్లో వెళ్లి వచ్చేవాళ్లలో కొందరు అది లేకపోతే ఈపాటికి ఉండేవారు కారు. తరగతి విషయంలో నా అంచనా సగమే నిజమైంది. టీచరత్త మానలేదు గానీ మోకాళ్లు సహకరించక మేడ ఎక్కలేకపోయారు. తరగతి వాళ్లింటి వరండాలోకి మారింది. అక్కడికి వచ్చే పిల్లలు ఒక చాప మీద సరిపోతారు. అధ్యక్షుడు మేడమీద గదిని బాగుచేయిస్తానని ప్రతి సమావేశంలోనూ అంటాడు. అతను అబద్ధమాడడని నాకు తెలుసు. ఉన్న డబ్బులన్నీ వ్యానుకే సరిపోతున్నాయి.

నాన్న మరుసటి వానాకాలం రాకముందే పోయారు. మలయ్ మాటలు కొన్ని తిరిగొచ్చాయి, తమిళం రానేలేదు. చివరి నెలల్లో నా కూతురు ఆయన పక్కన కూర్చుని తప్పులతడకగా తెలుగు మాట్లాడేది. వచ్చినాడు అనాల్సిన చోట వచ్చింది అనేది. ఆయన ఒక్కసారీ దిద్దలేదు.

ఆ రోజు సరిగ్గా ఎంచుకున్నావా అని ఎవరైనా అడిగితే, అవునని గట్టిగా చెప్పలేను. నాకు తెలిసిందల్లా ఒకటి. వరండాలో కాఫీ తాగుతూ ఏది ముఖ్యమో తేల్చుకున్నప్పుడు నా మనసు స్థిమితంగా ఉండేది. ఆసుపత్రి చూసి వచ్చి ఎంచుకున్నాక ఆ స్థిమితం మళ్లీ రాలేదు. కాలేజీ సెలవులకు వచ్చినప్పుడు నా కూతురు టీచరత్త వరండాలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. "ఏటి" అన్న పిల్లల్ని టీచరత్త ఇప్పుడు ఏమీ అనరట.