ఆకుపచ్చ చుక్క లేని డబ్బా

చేసిన పాపం చెప్తే పోతుందంటారు. ఈ సంగతి మా ఆయనకి వందసార్లు చెప్పాను, అయినా పోలేదు. ఇప్పుడు రాసి చూస్తున్నాను.

రింగు రోడ్డు వస్తుందని అందరూ ఎగబడి ప్లాట్లు కొంటున్న రోజుల్లో మేమూ కృష్ణా జిల్లా నుంచి వచ్చి సిటీ శివార్లలోని ఈ ఇబ్రహీంపట్నంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో గుమాస్తా. కింద మేము, పైన అద్దెకి. గేటుకి వేలాడదీసిన బోర్డు మీద "శాకాహారులకు మాత్రమే" అని ఎర్ర పెయింటుతో నేనే దగ్గరుండి రాయించాను. నీచు వాసన తగిలితే నాకు అన్నం సయించదు. దాన్ని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడాను, ఏదో పతకం గెలిచినట్టు.

పై వాటాలోకి మంచాల మండలం వైపు ఊరి పిల్ల ఒకతె మొగుడితో దిగింది. ఆమె కాలేజీలో ల్యాబు అసిస్టెంటు, అతను సిటీలో విదేశీ సరుకులమ్మే పెద్ద సూపర్ మార్కెట్లో ఉద్యోగం. "మేం తింటం ఆంటీ, గని మీ ఇంట్ల వండం. మాటిస్తున్న" అంది మొదటిరోజే. ఆ నిజాయితీ నచ్చి ఇచ్చాను. నచ్చి ఇచ్చానని చెప్పుకుంటున్నాను కానీ, నిజానికి ఆరు నెలలుగా పై వాటా ఖాళీగా ఉంది.

ఏడాది పాటు మాట తప్పలేదు ఆ పిల్ల. అయినా నేను ఊరుకున్నానా? చెత్తబుట్ట కిందకి దిగితే ఎముకలున్నాయేమోనని ఓ కన్నేసేదాన్ని. ఆదివారం పూట బట్టలారేసే వంక పెట్టుకుని డాబా మీదకి పోయి వాసన పట్టేదాన్ని. ఛీ, తల్చుకుంటే నా మీద నాకే రోత. మళ్ళీ మీల్ మేకర్ కుర్మా వండిన రోజు గిన్నెడు పైకి పంపి, "చూశావా, మాంసాన్ని తలదన్నేలా లేదూ" అని కబుర్లు. ఆ పిల్ల లొట్టలేసుకుంటూ తినేది.

తరవాత ఆమెకి నెల తప్పింది. అయిదో నెలలో నోరు చప్పబడిపోయి, ఏమీ తినలేక చిక్కిపోయింది.

ఒక శనివారం పొద్దున వెంకటేశ్వరస్వామికి దీపం పెడుతున్నాను. పైనుంచి వేపుడు వాసన. మసాలా, పొగ, దాని వెనక ఇంకేదో. నా ముక్కు అప్పటికే తీర్పు చెప్పేసింది. చేతిలో అగ్గిపెట్టె అలాగే పట్టుకుని మెట్లెక్కాను.

పిల్ల గోడకానుకుని కూర్చుని టిఫిన్ తింటోంది. ప్లేట్లో రెండు దోసెలు, పక్కన గోధుమరంగులో వేలెడేసి ముక్కలు, పైన కారప్పొడి. గట్టు మీద కోసిన డబ్బా. దాని మీద వేళ్ళలా నిగనిగలాడుతున్న మాంసపు ముక్కల బొమ్మ.

"శనివారం పూట నా నెత్తి మీద నీచు వండుతావా?"

"అయ్యో, నీచు కాదు ఆంటీ! సాసేజీలంట, సోయాతోని చేస్తరంట. ఆయన వాళ్ల దుకాణంలకెల్లి తెచ్చిండు. జర చదువుండ్రి" అని డబ్బా నా చేతికిచ్చింది.

బిస్కెట్ పొట్లం కొన్నా సరే, దాని మీద ఆకుపచ్చ చుక్క ఉందా లేదా అని రెండు వైపులా తిప్పి చూసే మనిషిని నేను. చుక్కుంటే శాకం, లేకపోతే నీచు. నా చదువంతా అదే. డబ్బా తిప్పాను. చుక్క లేదు. అది పైదేశపు డబ్బా అనీ, అక్కడ వాళ్ళు చుక్కలు పెట్టరనీ నాకేం తెలుసు? ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివే ఓపిక లేదు, రాదని ఒప్పుకునే బుద్ధీ లేదు.

"నాకు చదువు నేర్పుతావా? నెలాఖరుకి ఖాళీ చెయ్యండి" అన్నాను.

పిల్ల ఏడవలేదు. "మీకిచ్చిన మాట కోసమే గిది తెచ్చుకున్నం ఆంటీ" అంది, అంతే. అది కూడా నాటకమే అనుకున్నాను.

"కడుపుతో ఉన్న పిల్లని ఇల్లు కదిలించకూడదే" అన్నారు మా ఆయన. ఆ శాస్త్రం నాకు తెలీదా? వెయ్యి శాస్త్రాలు నా నోటి చివర ఉంటాయి. కానీ ఆ రోజు మాత్రం అడ్డం రాలేదు. పదిరోజుల్లో ట్రాలీ ఆటోలో సామానేసుకుని పుట్టింటికి పోయింది. నేను కిటికీలోంచి చూశాను. కిందకి దిగలేదు.

పై వాటా కడిగిస్తుంటే అటక మీద విప్పని డబ్బాలు రెండు దొరికాయి. సాక్ష్యం దొరికిందన్నట్టు పట్టుకొచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"మాంసం లేదని మొదటి ముక్కలోనే రాసుంది కదే. సోయా, గోధుమ, నూనె, మసాలా. నువ్వు వండే మీల్ మేకర్ లాంటిదే."

తల కొట్టేసినట్టయింది. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని నా కూతురికి చిన్నప్పుడు నేనే నూరిపోశాను.

రెండు నెలలు పట్టింది బయల్దేరడానికి. తప్పైపోయిందమ్మా, క్షమించు, అని ఒక్క మాట చెప్పి, డబ్బాలిచ్చి రావాలి. మా ఆయన ముందురోజు ఫోన్ చేసి నేను వస్తున్నానని చెప్పారు. బస్సులో దారిపొడవునా ఆ మాట సాధన చేసుకున్నాను.

వాళ్ళమ్మ మెట్టచేను చేసుకునే మనిషి. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేసింది. పిల్ల నిండు కడుపుతో వచ్చి నవ్వింది. డబ్బాలున్న సంచీ అందుకుని పక్కన పెట్టింది. ఆ నవ్వు చూశాక, నా మాట కాసేపాగి చెబుదాంలే అనుకుని కుర్చీలో కూర్చున్నాను.

"తినిపోవాలె ఆంటీ. పప్పు, పచ్చిపులుసు. గా గిన్నె నిన్ననే కొన్నది అమ్మ. గండ్ల ఎన్నడు నీచు వండలే. స్టవ్ సుత కడిగింది."

చూశాను. కొత్త స్టీలు గిన్నె. దాని మీద కాగితం బిళ్ళ సగం చిరిగి ఇంకా అంటుకునే ఉంది. నా ఒక్క పూట భోజనం కోసం గిన్నె కొన్నారు.

తినాలి. తింటే చాలు, క్షమించమని వేరే చెప్పక్కర్లేదు. అది నాకు తెలుసు. కానీ మూలనున్న మిగతా గిన్నెల మీదకి నా కళ్ళు పోయాయి. అదే గరిటె, అదే నీళ్ళు కదా అని పాడు బుద్ధి లెక్కలు వేసింది.

"ఉపవాసమమ్మా ఇవాళ" అంది నా నోరు.

ఆ రోజు బుధవారం. బుధవారం ఉపవాసముండే మనిషిని నేను నా జన్మలో చూడలేదు. పిల్ల ఒక్కసారి నా మొహంలోకి చూసి కళ్ళు దించుకుంది. డబ్బా చేతికిచ్చి చదవమన్న రోజు కూడా అలాగే చూసింది.

"ఒక్కపొద్దా? అయితే పండన్న తినుండ్రి" అని వాళ్ళమ్మ అరటిపండు తెచ్చింది. తొక్క ఒలవకుండా ఇచ్చింది. తిన్నాను.

గుమ్మం బయట చెప్పులేసుకుంటుంటే లోపల్నుంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది.

"ఆమె తినదు తియ్ బిడ్డా. ఇగ గా గిన్నెను మన గిన్నెల్ల కలిపెయ్."

చెప్పాల్సిన మాట చెప్పకుండానే, అరటిపండు తొక్క చేతిలో పట్టుకుని బస్టాపు దాకా నడిచాను.