నాకు చెప్పకుండా మన్నించేశారు

మా పాప జ్ఞానస్నానం రోజున జ్ఞానతండ్రిగా పాపను ఎత్తుకుని నిలబడింది మా ఆయన అసిస్టెంటే. మా ఆయన లోకో పైలట్. ఇద్దరూ ఒకే ఇంజనెక్కేవారు, ఆదివారం చర్చి పూజలో ఒకే బెంచీలో కూర్చునేవారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక వీధే అతనిది. పెళ్ళి కాలేదు కాబట్టి సగం భోజనాలు మా ఇంట్లోనే. నన్ను వదినా అని నోరారా పిలిచేవాడు.

ఒక వానాకాలం షెడ్డులో నిలిపిన ఇంజను దానంతటదే దొర్లి గోడను గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చక్రాల కింద చెక్క అడ్డులు పెట్టమని మా ఆయన చెప్పారు. పెట్టానన్నాడు అతను. నిజానికి పెట్టలేదు. విచారణలో మాత్రం అక్కర్లేదని సారే అన్నారని చెప్పాడు. మా ఆయన మాట ఎవరూ నమ్మలేదు. ఆయన్ని ఇంజను దించి ఆఫీసులో కూర్చోబెట్టారు.

డ్యూటీకి మోసుకెళ్ళే ఇనప్పెట్టెను ఆయన మంచం కిందికి తోసేశారు. కాలనీ ఆడవాళ్ళు నన్ను చూసి మాట ఆపేసేవారు. ఒకరోజు పాప బడి నుంచి వచ్చి, "అమ్మా, నాన్న డ్యూటీలో సో గయే థే క్యా?" అని అడిగింది. నిద్రపోయారని ఎవరో పిల్లలు అన్నారట. ఆ సాయంత్రం ఇంట్లో తెలుగులో జపం చెప్పుకుంటుంటే, మాకు తప్పు చేసినవాళ్ళను మేం క్షమించినట్టు అనే చోట నా నోరు కదల్లేదు. తరవాత కూడా అక్కడ మౌనంగానే ఉండేదాన్ని.

మరుసటి ఏడాది ఈస్టర్ తరవాతి ఆదివారం, దివ్య కారుణ్య పండుగ. దేవుడి దయకు మించిన పాపం లేదని ఫాదర్ హిందీలో ప్రసంగించారు. ఒకరికొకరు శాంతి చెప్పుకునే సమయానికి మా ఆయన లేచి వెనక బెంచీకి వెళ్ళి అతన్ని కావిలించుకున్నారు. అతను ఏడ్చాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళి సత్ప్రసాదం అందుకున్నారు. నేను కూర్చునే ఉన్నాను.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఏటిది?"

"తపస్సు కాలంలోనే వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. మన్నించీసేను."

"నాకు చెప్పనేదేం?"

"నువ్వు ఒప్పుకోవని."

ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలమంతా నా పక్కనే మోకరించి జపం చెప్పిన మనిషి. నేను వాడిని తిట్టుకుంటుంటే విని ఊరుకున్న మనిషి. అతను చేసినదానికంటే ఇదే నన్ను ఎక్కువ కోసింది. దేవుడు కూడా వీళ్ళిద్దరితో కలిసి నా వెనక ఒప్పందం చేసుకున్నట్టనిపించింది.

మర్నాడు అతని క్వార్టర్‌కు వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి, "షెడ్డులో నిజం చెప్పు. మీ అన్న మీద మాట పోవాల," అన్నాను.

తల దించుకున్నాడు. "దేవుడు మన్నించేడు, అన్న మన్నించేడు. ఇంకేటి కావాలి వదినా? చెప్తే నౌకరీ పోద్ది."

నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

ఆ వారం ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, క్షమించలేకపోతున్నానని చెప్పాను.

"క్షమించాలని ఉందా?" అన్నారు ఫాదర్.

"లేదు ఫాదర్."

ఆయన మందలిస్తారనుకున్నాను. "అయితే దేవుడి ముందు ఆ మాటే చెప్పమ్మా, దాచకు," అన్నారు. "అతను సరిదిద్దాల్సింది అతను సరిదిద్దాలి. అది నువ్వు క్షమిస్తే తీరేది కాదు."

ఇంటికొచ్చి ఆ మాటలు మా ఆయనకు చెప్పాను. "నీ దగ్గర దాచడం తప్పే," అన్నారు. ఆ తప్పు మన్నించడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

అతను ఇప్పుడు లోకో పైలట్. చర్చిలో పాప నమస్తే చెబుతుంది, నేను ఆపను. నిజం మాత్రం ఇంతవరకూ షెడ్డులో చెప్పలేదు. జపంలో ఆ చోటు వచ్చినప్పుడు, ఇంకా నావల్ల కాలేదని దేవుడికి చెప్పి, మిగతాది చదువుతాను.